రంగు ఎక్కని కట్టు

మా క్రిములకు నోరు లేదు. చెవులు మాత్రమే ఉన్నాయి. నోరు మేమే తీసేశాం.

ఈ మాట విన్నవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి ఊరుకుంటారు. నేను హాస్యానికి అనలేదు. వరిమళ్ళ బురదలో బతికే ఒక జాతి బాక్టీరియా ఊదా రంగు తయారు చేస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు చెయ్యదు, పది చేరినా చెయ్యదు. ప్రతి క్రిమీ తన ఒంట్లోంచి ఒక చిన్న రసాయనాన్ని బయటికి వదులుతూ, పక్కవి వదిలినదాన్ని పసిగడుతూ ఉంటుంది. ఆ రసాయనం చుట్టూ చిక్కబడిందంటే తనవాళ్ళు చాలామంది పోగయ్యారని దానికి అర్థమవుతుంది. అప్పుడు అన్నీ ఒక్కసారిగా రంగు మొదలుపెడతాయి. సాయంత్రం తెల్లగా వదిలి వెళ్ళిన గాజు పళ్ళెం పొద్దున వచ్చి చూసేసరికి నేరేడుపండులా ఉంటుంది.

పుండులో చీము పట్టించే క్రిములదీ ఇదే తంతు. వాటి రసాయనం వేరు, పద్ధతి ఒకటే. తక్కువగా ఉన్నంతకాలం కిక్కురుమనకుండా పడి ఉంటాయి. సరిపడా పోగయ్యాక కట్టగట్టుకుని విషం కక్కుతాయి. ఆ పోగయ్యే వేళలో, జ్వరం రాకముందే, వాసన పుట్టకముందే వాటి మాట మనకు వినబడితే ఎంతమంది కాళ్ళు దక్కుతాయి!

ఆ ఆలోచన మీద నేనూ, మా పరిశోధనశాల పెద్ద లాజరస్ గారూ ఏడేళ్ళు పనిచేశాం. ఊదా క్రిమి తన సొంత రసాయనం చేసుకోకుండా ఆ జన్యువును తీసేశాం. దాని చెవికి చీము క్రిముల భాష నేర్పాం. తప్పించుకుపోకుండా జిగురులో బంధించి, ఆ జిగురును గుడ్డకు పట్టించి కట్టుగా చుట్టాం. పుండులో చీము క్రిములు గుంపు కట్టడం మొదలుపెడితే పైనున్న కట్టు ఊదాగా మారుతుంది. డాక్టరు కంటే ఒకటిన్నర రోజు ముందే చెబుతుంది. షుగరు వచ్చి పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళకు ఆ ఒకటిన్నర రోజే కాలు.

మా అమ్మ శేషారత్నం కూడా అలాంటి మనిషే. ఆవిడ కోసమే ఇదంతా మొదలుపెట్టానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ అది అబద్ధం. రంగు ఒక్కసారిగా ఎందుకు వస్తుందన్న కుతూహలంతో మొదలుపెట్టాను. నేను అద్దకం వాళ్ళ పిల్లను, పెడనలో పుట్టాను. మాకు రంగు పిచ్చి ఒంట్లోనే ఉంటుంది.

బందరులోని ఒక ఆసుపత్రిలో ముప్పై ఒక్క మందికి మా కట్లు కట్టి చూశాం. తొమ్మిదిమందికి ఊదా తిరిగింది. తొమ్మిదిమందికీ డాక్టర్లు వెంటనే పుండు శుభ్రం చేశారు. ఒక్క కాలు కూడా పోలేదు. ఆ ఉత్సాహంలో, ఊదా తిరిగిన ఒక గుడ్డముక్కను శుద్ధి చేసి, డబ్బాలో పెట్టుకుని ఒక ఆదివారం పెడన వెళ్ళాను, ఇంట్లోవాళ్ళకు చూపిద్దామని.

అమ్మ వసారాలో కుర్చీ మీద కూర్చుని, కాలు పీట మీద పెట్టుకుని ఉంది. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు. చెప్పులో మేకు దిగితే సాయంత్రం దాకా తెలియలేదట. నేను చెప్పిందంతా విని కళ్ళు పెద్దవి చేసింది.

"అంటే ఏంటే భద్రా, కుళాయి కాడ ఆడోళ్ళలాగా ఇయ్యి కూడా మాట్టాడుకుంటయ్యా?"

"మాట్లాడుకుంటాయమ్మా. సరిపడా మంది చేరేదాకా నోరు మూసుకుని, చేరాక గొడవకి దిగుతాయి."

"మన వీధోళ్ళకంటే నయమే. ఈళ్ళకి ఇద్దరు చేరితే చాలు."

నాన్న నవ్వలేదు. మా నాన్న నాంచారయ్యకు రంగు కనిపిస్తే ఇంకేదీ వినపడదు. డబ్బాలోంచి గుడ్డముక్క తీసుకుని వెలుతురు దగ్గరికి వెళ్ళాడు. బొటనవేలు తడిచేసి గట్టిగా రుద్ది, వేలు చూసుకున్నాడు. వేలికి ఊదా అంటింది.

"పచ్చి రంగమ్మా ఇది. నిలవదు."

"ఇది చీర కాదు నాన్నా. డాక్టరుకి కనబడితే చాలు."

"కనబడాలంటే నిలవొద్దా? ఇక్కణ్ణించి బస్సులో బందరు పోయి, అక్కడ చీటీ రాయించుకుని, లైన్లో కూకుని, డాక్టరు చూసేసరికి ఇది వెలిసిపోతే? తెల్లగుడ్డ చూసి పొమ్మంటాడు."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రంగు అంత తొందరగా వెలిసేది కాదు, కట్టు మీద వారం రోజులైనా ఉంటుంది. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చదువుకున్నదాన్ని కదా, చదువుకోని వాళ్ళ ప్రశ్నలకు జవాబు చెప్పే అలవాటు నాకు తప్పిపోయింది.

అమ్మ తనకూ కట్టమంది. "ఊళ్ళోవాళ్ళందరికీ కట్టి, కన్నతల్లికి పాతచీర పేలికలు చుడతావా?" అంది. నాకూ అదే కోరిక. ముప్పై రెండో రోగిగా చేర్చుకుంటానన్నాను. అప్పుడు నాన్న మెలిక పెట్టాడు. మా కట్లకు వాడే మిల్లు గుడ్డను చేత్తో తడిమి, గరుకుగా ఉందన్నాడు. "మీ అమ్మ కాలికి నా గుడ్డ కట్టు. మెత్తటి మల్లు గుడ్డ ఉంది. ఆడపిల్లల ఓణీలకని దాచా," అన్నాడు. భార్యకు ఏదో ఒకటి తన చేత్తో చెయ్యాలని ఆయన తాపత్రయం. ఆ మొహం చూసి కాదనలేకపోయాను.

నియమం ప్రకారం అన్ని కట్లకూ ఒకే గుడ్డ వాడాలి. ఒక్కరికి గుడ్డ మారితే కొంప మునిగిపోతుందా అనుకున్నాను.

"గంజి లేకుండా శుభ్రంగా ఉతికివ్వు నాన్నా," అని మాత్రం చెప్పాను.

"గుడ్డ సంగతి నాకు చెప్తావా నువ్వు?" అన్నాడు.

నాలుగు రోజులకు బెజవాడలోని మా పరిశోధనశాలకు గుడ్డ పంపించాడు. చాలా మెత్తగా ఉంది. తెలుపులో కాస్త గంధపు చాయ తేలుతోంది. చేనేత గుడ్డ కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాను. ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధి చేసి, జిగురు పట్టించి, పదిహేను కట్లు చుట్టాను. ప్రతి కొత్త గుడ్డ మీదా చీము రసాయనం ఒక చుక్క వేసి రంగు వస్తుందో లేదో చూడాలి. అది నేను పెట్టిన నియమమే. ఆ రోజు వెయ్యలేదు. అమ్మకు తొందరగా పంపాలన్న ఆత్రం తప్ప వేరే కారణమేదీ లేదు.

వారం దాకా విప్పొద్దని చెప్పి పంపిన కట్టును నాన్నే కట్టాడు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేసేదాన్ని.

"తెల్లగానే ఉందే," అనేది అమ్మ. "నీ క్రిములు నిద్దరోతన్నాయో ఏమో, ఉలుకూ పలుకూ లేదు."

"ఉలికితేనే భయం. నిద్రపోనీ."

నాలుగు రోజులు ఇదే మాట. అయిదో రోజు ఫోన్ నాన్న ఎత్తాడు. అమ్మ అన్నం వద్దంటోందనీ, ఒళ్ళు వెచ్చగా ఉందనీ చెప్పాడు.

"మీ అమ్మని బందరు తీసుకుపోనా?"

"కట్టు ఏ రంగులో ఉంది నాన్నా?"

"తెల్లగానే ఉంది. ఇప్పుడే చూశా."

"అయితే కాలు కాదు. చలిజ్వరం అయ్యుంటుంది. మాత్ర వెయ్యండి. ఈ ఎండలో బస్సెక్కించి తిప్పకండి. నేను ఆదివారం వస్తాగా."

"నువ్వు చెప్పావు గనక ఆగుతన్నా," అన్నాడు.

ఏడో రోజున అమ్మకు స్పృహ తప్పింది. నేను బందరు చేరేసరికి మంచం పక్కన డాక్టరు కట్టు విప్పుతున్నాడు. గుడ్డ కట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. దాని కింద పాదం చీలమండ దాకా నల్లబడిపోయింది. విషం రక్తంలోకి ఎక్కిందనీ, కాలు తీసినా లాభం లేదనీ డాక్టరు చెప్పాడు. ఆయనకు మా కట్ల సంగతి తెలుసు. నా వైపు చూడకుండా చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మకు కాస్త తెలివొచ్చింది. నన్ను గుర్తుపట్టి పెదాలు కదిపింది. చెవి దగ్గర పెట్టాను.

"రంగొచ్చిందా?"

"వచ్చిందమ్మా," అన్నాను.

"చూశారా," అంది మంచానికి అటుపక్కనున్న నాన్నతో. "మన పిల్ల చేసింది ఊరికే పోద్దా."

నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి అమ్మ పోయింది.

పరిశోధన ఆపేయమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. రావలసిందే. కట్టు తప్పు చెప్పి మనిషి చనిపోతే ఆపకపోతేనే నేరం. ఆసుపత్రిలో ఉన్న ముప్పై ఒక్కమందికీ మా కట్లు విప్పి మామూలు కట్లు కట్టారు. కారణం కనిపెట్టి నివేదిక ఇస్తే ఆలోచిస్తామన్నారు. నేను శవం లేచిన ఇంట్లో కూర్చుని ఆ ఉత్తరువు చదివాను.

నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. పదకొండో రోజు పెద్దకర్మ అయ్యి, భోజనాలకు వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, నేను బయల్దేరబోతుంటే లోపలినుంచి ఒక మడత తెచ్చి నా ముందు పడేశాడు. కట్లకు ఇవ్వగా మిగిలిన మల్లు గుడ్డ.

"ఇది కూడా పట్టుకుపో. నాకొద్దు."

"నాన్నా..."

"ఏడేళ్ళు చదివి చేశానన్నావు. ఇంటిదాన్ని నీ చేతిలో పెట్టా. పోదాం పోదామని నా ప్రాణం కొట్టుకుంటంటే ఆగమన్నావు. నీ చదువు మీ అమ్మని మింగేసింది. నా వంతులో వంక లేదు. నువ్వు ఉతికివ్వమంటే ఉతికి ఊరుకోలా. రంగు నిలబడాలని మంచి కరక్కాయలు ఏరి, దంచి, రెండుసార్లు ముంచా. కాలవలో జాడించి గట్టున మూడు ఎండలు ఎండబెట్టా. నా వంతు నేను చేశా. నీ వంతే తప్పింది."

నేను ఆ మడత చేతిలో పట్టుకుని నిలబడిపోయాను.

పెడనలో కరక్కాయ పట్టించని గుడ్డను గుడ్డ అనరు. అచ్చు వెయ్యబోయే ముందు ప్రతి తానునూ కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. ఆ వగరు పట్టుకుంటేనే రంగు పోగుకు అంటుకుంటుంది, ఉతికినా పోదు. నాకు నడక రాకముందు నుంచీ ఆ నీళ్ళ వాసన తెలుసు. రంగు కోసం గుడ్డ కావాలని అద్దకం పనివాణ్ణి అడిగితే ఆయన కరక్కాయ పట్టించకుండా ఎలా ఇస్తాడు? నేను "శుభ్రంగా" అన్నాను. ఆయన లెక్కలో శుభ్రమైన గుడ్డంటే రంగుకు సిద్ధమైన గుడ్డ. ఆ గంధపు చాయ చూసి కూడా నాకు తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా తెల్లకోటు వేసుకుని తిరిగి, పుట్టింటి వాసన మరిచిపోయాను.

పరీక్షకు రెండు రోజులు పట్టింది. ఒక గాజు పళ్ళెంలో మా చెవుల క్రిములను పరిచి, చీము రసాయనం కలిపి, మధ్యలో మిల్లు గుడ్డ పోగు పెట్టాను. రెండో దానిలో నాన్న గుడ్డ పోగు. రెండో రోజు మూత తీస్తే మొదటి పళ్ళెం అంతా ఊదా. రెండో పళ్ళెంలో పోగుకు అటూ ఇటూ వేలెడు మేర రంగు లేదు. ఆ మేరలో క్రిములు చచ్చాయేమోనని చూశాను. చావలేదు, నిక్షేపంగా పెరుగుతున్నాయి. రంగు మాత్రం చెయ్యడం లేదు. కరక్కాయ వగరు ఆ రసాయనాన్ని దారిలోనే పట్టేస్తోంది, తప్పించుకున్నది వచ్చినా క్రిమి చెవిని మూసేస్తోంది. అమ్మ పుండు లోతుల్లో ఉన్న చీము క్రిములకు మాత్రం గుడ్డలోని వగరు అందలేదు. వాటి మాటలు వాటివి సాగిపోయాయి.

ఇంకో సందర్భంలో అయితే ఆ పళ్ళెం చూసి గంతులేసేదాన్ని. క్రిములను చంపకుండా వాటి మాటను ఆపే పదార్థం దొరకడం చిన్న విషయం కాదు. లాజరస్ గారు చూసి, "ఇది రేపు మందవుతుంది భద్రావతీ," అన్నారు. ఆ తర్వాత నా మొహం చూసి కళ్ళజోడు తీసేశారు.

"ఈ గుడ్డ ఎవరిది?"

చెప్పాను.

"నివేదిక నువ్వే రాయాలి. ఎప్పుడు రాస్తావో, ఏం రాస్తావో నేనడగను. తల్లి పోయిన పిల్లవు. కానీ వార్డులో ముప్పై ఒక్కమంది ఉన్నారన్న సంగతి మరిచిపోకు."

నేను రాసిన మొదటి ప్రతిలో "కారణం నిర్ధారించలేకపోయాము" అని ఉంది. అదొక్కటే నాన్నను కాపాడుతుంది. నన్నూ కాపాడుతుంది. నియమం తప్పి గుడ్డ మార్చిందీ, చుక్క వెయ్యనిదీ ఎవరో తేలదు. కట్టు పనికిరానిదని మూలన పడేస్తారు, అంతే. నాన్న నన్ను తిట్టుకుంటూ బతుకుతాడు. తిట్టుకోవడానికి కూతురుంటే మనిషి బతకగలడు. తనను తాను తిట్టుకోవలసి వస్తే డెబ్భై ఏళ్ళ మనిషి ఎన్నాళ్ళుంటాడు? ఇలా ఆలోచిస్తూ మూడు వారాలు ఆ కాగితాలు సొరుగులో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు పెడన వెళ్ళాను. నాన్న మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. పక్కింటివాళ్ళు వింటుండగా, "డాక్టరమ్మ వచ్చింది, ఇంకెవరున్నారు చంపడానికి?" అన్నాడు. తలుపు దగ్గర చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఒక మధ్యాహ్నం కోటిలింగం మా పరిశోధనశాల వెతుక్కుంటూ వచ్చాడు. బందరులో సోడాబండి నడుపుతాడు. ముప్పై ఒక్కమందిలో ఏడోవాడు. మొదట్లో అతని కట్టు ఊదా తిరిగితేనే కుడికాలు దక్కింది. ఊదా కట్టు గొప్పను అతనే ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు చంకలో కర్ర ఉంది. మామూలు కట్టు కట్టిన రెండోవారంలో అదే పుండు మళ్ళీ తిరగబెట్టి, ఎవరూ కనిపెట్టేలోపు మోకాలి కింద దాకా తీసేయాల్సి వచ్చిందట.

అతను నన్ను నిందించడానికి వచ్చాడనుకుని గోడకు ఆనుకున్నాను. అతను కర్ర పక్కన పెట్టి, బెంచీ మీద కూర్చుని, ఎడమకాలి చెప్పు విప్పి చూపించాడు. మడమ మీద కొత్తగా పగులు.

"ఆ ఊదాగుడ్డ మళ్ళా ఎప్పుడిస్తారమ్మా? ఈ కాలు ఉంది గదా."

నాకు ఏడుపొచ్చింది. అతని ముందే ఏడ్చాను. పాపం అతను కంగారుపడి, "మీ అమ్మగారు పోయారంట గదా, మళ్ళా వస్తాలే," అని లేచాడు.

మర్నాడు పొద్దున్నే రెండు పళ్ళేలూ డబ్బాలో పెట్టుకుని పెడన బస్సెక్కాను.

నాన్న షెడ్డులో బల్ల ముందు నిలబడి అచ్చు వేస్తున్నాడు. పక్క బల్ల మీద ఇద్దరు పనివాళ్ళున్నారు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. బల్ల చివర రెండు పళ్ళేలు పెట్టి మూతలు తీశాను. ఊదా రంగు చూడగానే ఆయన చెయ్యి ఆగింది. కోపం ఉన్నా కళ్ళు ఊరుకోవు కదా.

"ఏంటది?"

"మొదటిదాన్లో మిల్లు పోగు ఉంది. రెండోదాన్లో నువ్విచ్చిన గుడ్డ పోగు."

చేతులు తుడుచుకుని, రెండో పళ్ళెం తీసుకుని వాకిలి దగ్గరికి వెళ్ళాడు. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన అక్షరాలు నెమ్మదిగా చదువుతాడు గానీ రంగును చదవడంలో ఆయనకు నేను సాటిరాను.

"రంగు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది."

"అవును."

"ఆపింది నా గుడ్డ."

"అవును నాన్నా."

"కరక్కాయా?"

తల ఊపాను. ఆయన పనివాళ్ళ వైపు తిరిగి, "ఇయ్యాల్టికి చాలురా, ఇళ్ళకి పోండి," అన్నాడు. వాళ్ళు అచ్చులు కడిగి పెట్టి వెళ్ళేదాకా అలాగే నిలబడి, తర్వాత తానుల మూట మీద కూలబడ్డాడు.

"కరక్కాయ విషం కాదు గదే. కడుపులోకి కూడా తీసుకుంటాం. మీ అమ్మ దగ్గొస్తే బుగ్గన పెట్టుకునేది."

"విషం కాదు నాన్నా. పుండుకి అదేం చెయ్యలేదు. నా క్రిములకి వినపడకుండా చేసింది. అంతే."

"అంతే," అన్నాడాయన.

చాలాసేపు ఆ పళ్ళెం ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మూడు వారాలు దాటింది."

"మూడు వారాలు నా నోట అన్ని మాటలు పడ్డావా?"

నేను పళ్ళేల మూతలు ఏరి డబ్బాలో పెట్టాను.

"చెప్పొచ్చు గదే. నేను కాదు, నువ్వేనని నా మొహాన కొట్టొచ్చు గదే."

అప్పుడు ఏడ్చాడు. శ్మశానంలో కూడా ఏడవని మనిషి. నేను పక్కన కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, నా గుండె మీది బరువు కొంత దిగినట్టే అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకు అసహ్యం వేసింది. ఆయన భుజం మీద చెయ్యి వెయ్యడానికి కూడా భయపడ్డాను.

ఏడుపు తగ్గాక కోటిలింగం సంగతి చెప్పాను. ఈ విషయం రాసిస్తేనే కట్లు మళ్ళీ మొదలుపెట్టనిస్తారని చెప్పాను.

"రాశావా?"

రాత్రి రాసుకున్న కొత్త ప్రతి సంచిలోంచి తీశాను. అది ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెబుతూ చదివాను. "గుడ్డ సరఫరాదారుని వద్ద జరిగిన అదనపు శుద్ధి కారణంగా..."

"సరఫరాదారుడెవరు?"

"నువ్వే."

"నాకు పేరు లేదా?" పైకండువాతో మొహం తుడుచుకున్నాడు. "యాభై ఏళ్ళు అద్దా. ఏ గుడ్డ మీదా నా పేరు లేదు. అడగలా. దీని మీద ఉండాలి. రేపింకెవడన్నా నాలాంటోడు మంచిదే గదా అని ముంచితే? ఎవరు, ఎందుకు చేశారో తెలియాలి. రాయి."

కలం తీసి సరఫరాదారు అన్నచోట కొట్టేసి రాశాను. బళ్ళా నాంచారయ్య, అద్దకం పనివాడు, పెడన. రంగు వెలిసిపోతుందేమోనన్న భయంతో కరక్కాయ పట్టించాడు. ఆ భయానికి జవాబు చెప్పవలసినవారు చెప్పలేదు.

"తర్వాత చదువు."

"గుడ్డను పరీక్షించకుండా వాడినదీ, అయిదో రోజున జ్వరం ఉందని చెప్పినా రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్ళవద్దని చెప్పినదీ బళ్ళా భద్రావతి."

"ఆ ముక్క తీసెయ్."

"తియ్యను."

"నీ ఉద్యోగం పోద్ది."

"పోనీ."

ఆయన నా వైపు చూశాడు. అమ్మ పోయాక నా మొహంలోకి సూటిగా చూడటం అదే మొదటిసారి. కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆ అక్షరాలు ఆయనకు రావు. అయినా వేలు పెట్టి పైనుంచి కిందిదాకా వెతికాడు.

"మీ అమ్మ పేరేది?"

"ఉండదు నాన్నా. రోగుల పేర్లు రాయకూడదు. ముప్పై రెండో రోగి అని ఉంటుంది, అదిగో."

ఆయన వేలు ఆ అంకె మీద ఆగింది.

"నా పేరుంది. నీ పేరుంది. చంపినోళ్ళ పేర్లన్నీ రాసి, చచ్చినదాని పేరు రాయరా?"

నియమం ఎందుకు పెట్టారో నాకు తెలుసు. రోగి మర్యాద కోసం, గుట్టు కోసం. అది మంచి నియమం. లాజరస్ గారు చూడగానే కొట్టేస్తారనీ తెలుసు. అయినా కాగితం తీసుకుని, అంకె పక్కన ఉన్న కాస్త చోటులో, ఆయన చదవగలిగేలా తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. బళ్ళా శేషారత్నం.

నాన్న వంగి ఒక్కో అక్షరమే చూశాడు. చదవమన్నాడు. చదివాను. ఇంకొకసారి చదవమన్నాడు.